వందల ఆడియో ఫైళ్ల ఫార్మాట్‌ను ఒకేసారి మార్చాలంటే ఏ సాఫ్ట్‌వేర్ ఎవరికి నప్పుతుంది

ఫలానా సాఫ్ట్‌వేర్‌తో మారిస్తే ఎంపీ3 మరింత స్పష్టంగా వస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. ఉచితంగా దొరికేదైనా, డబ్బు పెట్టి కొనేదైనా, చాలావాటిలో ఎంపీ3 తయారుచేసే పని లేమ్ అనే ఒకే ఎన్‌కోడర్ చేస్తుంది. 1998లో మొదలైన ఆ ప్రాజెక్టు చుట్టూ ఎవరికి నచ్చిన కిటికీలు, బటన్లు వారు బిగించుకున్నారు. ఫ్లాక్ అనే ఫార్మాట్ విషయంలో అసలు ఆ ప్రశ్నే రాదు. అందులో శబ్దం రవ్వంత కూడా పోదు కాబట్టి ఏ సాఫ్ట్‌వేర్ చేసినా వినిపించేది ఒకటే.

తేడా అంతా వేరేచోట ఉంది. నాలుగు వందల ఫైళ్లు గంపగుత్తగా పంపితే వాటి పేర్లు ఏమయ్యాయి? ఫోల్డర్లు ఉన్నవి ఉన్నట్టు మిగిలాయా? తెలుగులో రాసుకున్న వివరాలు చెక్కుచెదరకుండా వచ్చాయా? మధ్యలో రెండు ఫైళ్లు మారకపోతే ఆ సంగతి చెప్పిందా, మింగేసిందా? కొత్తగా ఈ పనికి దిగేవారు సాఫ్ట్‌వేర్‌ను ఈ ప్రశ్నలతో తూచాలి. ఎన్ని ఫార్మాట్లు చదువుతుందన్న పెద్ద అంకె చూసి మురిసిపోతే లాభం లేదు. మనకు కావలసినవి నాలుగైదు ఫార్మాట్లే, అవి చాలావాటిలో ఉంటాయి.

ముందు మీ కుప్పలో ఏముందో చూడండి

హైదరాబాద్‌లో ఒక మోస్తరు పాత ఇంట్లో పోగుపడే ఆడియో నాలుగు రకాలుగా ఉంటుంది. చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో పట్టుకున్న కచేరీ, ఆకాశవాణి నుంచి టేపు మీదకు ఎక్కించుకున్న నాటకం వంటివి క్యాసెట్ల నుంచి డిజిటల్ చేయించి ఉంటే అవి వేవ్ ఫైళ్లు. వాట్సాప్‌లో పెద్దవాళ్లు పంపిన మాటలు ఓపస్ ఫైళ్లు. పాత బటన్ ఫోన్లలో రికార్డు చేసినవి ఏఎంఆర్. ఒకప్పుడు సీడీల మీద రైట్ చేయించుకున్న పాటలు ఎంపీ3. ఈ నాలుగింటినీ ఒకే గాటన కట్టి ఒకే సెట్టింగుతో మార్చేయడం తొందరపాటు.

వేవ్ ఫైళ్లది స్థలం సమస్య. సీడీ నాణ్యత అంటే సెకనుకు 44,100 నమూనాలు, నమూనాకు 16 బిట్లు, రెండు చానళ్లు. ఆ లెక్కన నిమిషానికి 10 ఎంబీ పైచిలుకు, గంటకు 635 ఎంబీ. గంట నిడివి క్యాసెట్లు వంద ఉంటే 63 జీబీ దాటిపోతుంది. వీటిని ఫ్లాక్‌లోకి మార్చి దాచుకోవాలి. పరిమాణం చాలాసార్లు సగం దగ్గరకు దిగుతుంది. క్యాసెట్ హిస్, అంటే టేపు వెనక వినిపించే బుస, ఎక్కువగా ఉంటే మాత్రం అంతగా దిగదు, ఎందుకంటే రొదను కుదించడం కష్టం. వినడానికి వేరుగా ఎంపీ3 కాపీ చేసుకోవచ్చు. 128 కేబీపీఎస్ (సెకనుకు 128 కిలోబిట్లు) దగ్గర గంటకు 58 ఎంబీ అవుతుంది. ఒక్క గొంతే ఉన్న ప్రసంగం, పురాణ ప్రవచనం లాంటివైతే మోనోలో, అంటే ఒకే చానల్‌లో, 64 చాలు, గంట మొత్తం 29 ఎంబీలో ఇమిడిపోతుంది. వీణ, వయొలిన్ ఉన్న కచేరీని అలా నొక్కితే తంత్రుల పైస్వరాలు ఇసుక రాలినట్టు వినిపిస్తాయి. దానికి 192కు తగ్గకండి.

మిగతా మూడు రకాలూ ఇప్పటికే కుదించినవి. వాటిలో పోయిన శబ్దం తిరిగి రాదు. 128 ఎంపీ3ని 320కి మార్చి నాణ్యత పెంచామనుకునేవారు ఇంకా ఉన్నారు. పలచబడిన మజ్జిగను ఎంత పెద్ద గిన్నెలో పోసినా పెరుగు కాదు. ఏఎంఆర్ అయితే సాధారణంగా సెకనుకు 8,000 నమూనాలతో రికార్డయినది, టెలిఫోన్ గొంతు. దాన్ని ఏ ప్లేయరైనా చదివేలా మార్చుకోవడం తప్ప మెరుగుపరిచేదేమీ లేదు. కాబట్టి ఈ మూడింటి అసలు ఫైళ్లను అలాగే ఉంచి, కారులోనో మరోచోటో పలకకపోతేనే కాపీ మార్చుకోండి.

వాట్సాప్ ఫైళ్ల విషయంలో ఒక చిన్న సంగతి చాలామంది చూడరు. ఆండ్రాయిడ్ ఫోన్ల నుంచి తీసిన ఫైలు పేరు పీటీటీ అనే మూడు అక్షరాలతో మొదలై, తర్వాత ఎనిమిది అంకెల్లో సంవత్సరం, నెల, రోజు, ఆ తర్వాత వరుస సంఖ్య ఉంటుంది. తాతగారు ఆ మాట ఎప్పుడు పంపారో చెప్పే ఆధారం ఆ ఎనిమిది అంకెలే. మార్చిన ఫైలుకు సాధారణంగా మార్చిన రోజు తేదీ పడుతుంది. సాఫ్ట్‌వేర్ గనక పేరు కూడా తన ఇష్టం వచ్చినట్టు పెట్టేస్తే, ఏళ్ల తరబడి పోగైన మాటలు తేదీ లేని గుట్టగా మారిపోతాయి.

ఫ్రీయాక్, ఫూబార్2000

ఎక్కువమంది ఈ రెండింటిలో ఒకటి ఎంచుకుంటే సరిపోతుంది. రెండూ ఉచితం. రెండూ కంప్యూటర్‌లోని అన్ని ప్రాసెసర్ కోర్లనూ వాడుకుని ఒకేసారి కొన్ని ఫైళ్లను మారుస్తాయి. అందుకే ఈ పనికి కొత్త యంత్రం అక్కరలేదు. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో దొరికే పాత ల్యాప్‌టాప్ అయినా చాలు, డిస్కులో చోటుంటే.

ఫ్రీయాక్ పేరును ఇంగ్లిషులో రాసేటప్పుడు మధ్యలో కోలన్ పెడతారు (fre:ac). వెతికేటప్పుడు అది గుర్తుంచుకోండి. ఇది ఓపెన్ సోర్స్, విండోస్‌తో పాటు మ్యాక్‌లోనూ లినక్స్‌లోనూ నడుస్తుంది. ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్‌లోంచే నడిపే రూపం కూడా ఉంది. కాబట్టి ఆఫీసు కంప్యూటర్‌లో అనుమతులు లేనివారికి, మేనత్త ఇంట్లోని కంప్యూటర్‌లో పని చేసి రావలసినవారికి ఇది అనువు. ఫోల్డర్‌ను లాగి కిటికీలో పడేసి, ఫార్మాట్ ఎంచుకుని, మొదలుపెట్టు బటన్ నొక్కితే అయిపోతుంది. క్యాసెట్ రెండు వైపులా రెండు ఫైళ్లుగా ఉంటే కలిపి ఒకే ఫైలుగా తీయడం కూడా దీనికి తెలుసు.

జాగ్రత్త పడవలసింది పేరు నమూనా దగ్గర. ఇలాంటి సాఫ్ట్‌వేర్లు సాధారణంగా గాయకుడి పేరు, పాట పేరు అనే వివరాలను ఫైలు లోపలి ట్యాగుల నుంచి తీసుకుని కొత్త పేరు కడతాయి. సీడీ నుంచి తీసిన పాటలకు అది బాగానే ఉంటుంది. మన క్యాసెట్ వేవ్‌లలో ట్యాగులే ఉండవు. అందుకే సెట్టింగుల్లో పేరు నమూనాను అసలు ఫైలు పేరే ఉండేలా మార్చుకోండి. రెండింటిలోనూ ఆ వీలుంది. పని మొదలుపెట్టే ముందు చూడవలసిన సెట్టింగు ఏదైనా ఒక్కటే ఉందంటే ఇదే అంటాను.

ఫూబార్2000 నిజానికి మ్యూజిక్ ప్లేయర్. 2002లో వచ్చింది. ఇప్పటికీ చూడటానికి పాత విండోస్ కిటికీలాగే బోసిగా ఉంటుంది, ఆ బోసితనమే నాకు నచ్చుతుంది. మార్చే పని విండోస్‌లో బాగా జరుగుతుంది. ఎన్‌కోడర్లను మాత్రం ఫ్రీ ఎన్‌కోడర్ ప్యాక్ పేరుతో అదే సైటు నుంచి విడిగా దించుకోవాలి. మొదటిసారి వాడేవారు దీని దగ్గరే ఆగిపోయి, ఎంపీ3 రావడం లేదని విసుక్కుంటారు.

ఆ ఒక్క మెట్టు దాటితే మంచి వెసులుబాటు ఒకటి దొరుకుతుంది. ఫైళ్లన్నీ ఒక పట్టికలా కనిపిస్తాయి, ప్రతిదాని నిడివి, ఫార్మాట్, బిట్‌రేట్ వరుసల్లో పెట్టుకోవచ్చు. నిడివి ప్రకారం పేర్చగానే రెండు సెకన్ల ఖాళీ ఫైళ్లు, రికార్డు మధ్యలో తెగిపోయినవి పైకి తేలుతాయి. మార్చడానికి ముందే చెత్తను ఏరేసుకోవచ్చన్నమాట. పని అయ్యాక ఏది మారింది, ఏది మారలేదు అని నివేదిక చూపమంటే చూపుతుంది. వందకు మించిన ఫైళ్లుంటే, విండోస్ ఉంటే, నా ఓటు దీనికే. పాతిక ముప్పై ఫైళ్ల పనికైతే ఫ్రీయాక్ దించుకుని టీ చల్లారేలోపు ముగించండి.

మ్యాక్ వాడేవారికి ఎక్స్‌ఎల్‌డీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలాకాలంగా ఉంది, ఫ్లాక్ పనికి గట్టిది. ఏమీ దించుకోకుండానే ఫైండర్‌లో ఫైళ్లను ఎంచుకుని కుడి క్లిక్ చేసి ఏఏసీలోకి మార్చే సౌకర్యం కూడా మ్యాక్‌లో ఉంది, కానీ అక్కడ ఎంపీ3 రాదు.

తెలుగు పేర్లు పెట్టే పేచీ

ఈ విషయం ఇంగ్లిషు సమీక్షల్లో అరుదుగా కనిపిస్తుంది, మనకు మాత్రం ఇదే పెద్ద తలనొప్పి. ఫైలు పేరు తెలుగులో ఉంటే ఇప్పటి సాఫ్ట్‌వేర్లు తడబడటం అరుదు. పేచీ ట్యాగుల దగ్గర వస్తుంది. ఎంపీ3లో వివరాలు రాసే ఐడీ3 పద్ధతికి వేర్వేరు తరాలున్నాయి. మొదటి తరం ఒక్కో వివరానికి 30 అక్షరాల చోటిస్తుంది, అదీ రోమన్ అక్షరాలకే. తర్వాత వచ్చిన 2.3, 2.4 తరాలు యూనికోడ్‌ను, అంటే తెలుగును, మోయగలవు. కానీ పాత కారు స్టీరియోలు కొన్ని 2.4ను చదవలేవు. కాబట్టి ట్యాగులు 2.3లో రాయమని చెప్పే వీలు ఉందో లేదో చూడండి. తర్వాత చెప్పబోయే ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే సాఫ్ట్‌వేర్ మామూలుగా 2.4లో రాస్తుంది, 2.3 కావాలని ప్రత్యేకంగా చెప్పాలి.

ట్యాగులు సరిగ్గా ఉన్నా స్టీరియోలో తెలుగు ఫాంటే లేకపోతే వరుసగా డబ్బాలే కనిపిస్తాయి. అది సాఫ్ట్‌వేర్ తప్పు కాదు. కారు కోసం చేసే కాపీకి ట్యాగులు, పేర్లు రోమన్ అక్షరాల్లో పెట్టుకోవడమే దారి. దాచుకునే ఫ్లాక్ కాపీకి తెలుగు ఉంచండి.

ఇంకో చిక్కు. కొన్నేళ్ల కిందట డీటీపీ సెంటరులోనో స్టూడియోలోనో పాటల వివరాలు ఎక్కించి ఇచ్చిన సీడీలుంటాయి. వాటిని అను ఫాంట్లలో టైపు చేసి ఉంటే, ఫాంటు పక్కకు పోగానే అక్షరాలన్నీ అర్థం లేని రోమన్ గీతల్లా కనిపిస్తాయి. ఆ వివరాలు యూనికోడ్‌లో లేవు కాబట్టి ఏ కన్వర్టరూ వాటిని బాగుచేయదు, ఉన్న గజిబిజినే భద్రంగా కాపీ చేస్తుంది. ముందు ఆ రాతను అను నుంచి యూనికోడ్‌కు మార్చే పనిముట్టుతో మార్చి, తర్వాత ఎంపీ3ట్యాగ్ అనే సాఫ్ట్‌వేర్‌తో ట్యాగుల్లోకి ఎక్కించాలి. విండోస్‌లో అది ఉచితం. ఫైలు పేర్లను చూసి ట్యాగులను మూకుమ్మడిగా నింపడం దాని ప్రత్యేకత. ట్యాగుల్లేని క్యాసెట్ వేవ్‌లకు కూడా అదే మార్గం: ముందు ఫైలు పేర్లు సరిచేయండి, తర్వాత మార్చండి, చివర్లో పేరు నుంచి ట్యాగు నింపండి.

పేర్లు సరిచేసేటప్పుడు వరుస సంఖ్యకు ముందు సున్నా పెట్టడం మరవకండి. 1, 2 అని రాస్తే చాలా ప్లేయర్లు 1 తర్వాత 10, 11 వాయించి ఆపైన 2కు వస్తాయి. హరికథలో సీత పెళ్లి కాకముందే లంక కాలిపోతుంది.

ఎఫ్ఎఫ్ఎంపెగ్ ఎవరికి

2000లో ఫాబ్రిస్ బెలార్డ్ అనే ప్రోగ్రామర్ మొదలుపెట్టిన ఎఫ్ఎఫ్ఎంపెగ్‌ను నేరుగా వాడకపోయినా, దాని మీద నడిచే సాఫ్ట్‌వేర్‌ను మీరు ఏదో ఒక రూపంలో వాడే ఉంటారు. కిటికీలు లేవు, బటన్లు లేవు, ఆజ్ఞ టైపు చేయాలి. అమీర్‌పేటలో ఏదైనా కోర్సు చేసి నల్లటి కమాండ్ తెర అంటే భయం పోయినవారికి దీన్ని మించింది లేదు. ఏఎంఆర్, ఓపస్ లాంటివి ఏది ఇచ్చినా చదువుతుంది. ఈ ఫోల్డరులో ఉన్న ప్రతి వేవ్‌నూ ఫ్లాక్ చెయ్యి, పక్కనే మోనో ఎంపీ3 కూడా తీయి, గొంతు స్థాయి అన్నింటిలో సమం చెయ్యి అని ఒక చిన్న స్క్రిప్టు రాసి పెట్టుకుంటే, వచ్చే నెల కొత్త ఫైళ్లు వచ్చినప్పుడు అదే మళ్లీ నడపవచ్చు. ప్రతివారం పాఠాలు రికార్డు చేసే సంగీతం టీచరుకు, లెక్చరర్లకు ఇది నిజంగా వరం.

ఇప్పుడు ఏఐ చాట్‌ను అడిగితే ఆ ఆజ్ఞ రాసి ఇచ్చేస్తుంది. ఇచ్చిన దాన్ని అసలు ఫోల్డరు మీద కాకుండా కాపీ ఫోల్డరు మీద నడపండి. అదే పేరుతో ఫైలు ఉంటే అడగకుండా చెరిపి రాసే -y అనే గుర్తు అందులో ఉందేమో చూడండి. ఎఫ్ఎఫ్ఎంపెగ్ తనంతట తాను అయితే అడుగుతుంది, ఆ గుర్తు తగిలిస్తే అడగదు. విండోస్ కమాండ్ తెరలో తెలుగు పేర్లు డబ్బాలుగా కనిపించవచ్చు. గాబరా పడకండి, అది తెరకు తెలుగు ఫాంటు లేకపోవడమే, ఫైలు పేరు క్షేమంగానే ఉంటుంది. ఒక్కసారి మాత్రమే చేసే పనికి ఇదంతా నేర్చుకోవడం నా లెక్కలో దండగ.

మిగిలినవి

ఆడాసిటీ చాలామంది కంప్యూటర్లలో ముందే ఉంటుంది కాబట్టి దానితోనే కానిద్దామనిపిస్తుంది. అందులో మ్యాక్రో అనే సౌకర్యంతో ఫైళ్లను మూకుమ్మడిగా మార్చవచ్చు, ఎంపీ3లోకి మార్చే మ్యాక్రో సిద్ధంగానే ఉంటుంది. ఫలితాలు మ్యాక్రో అవుట్‌పుట్ అనే ఫోల్డరులో పడతాయి. కానీ అది ఎడిటర్. ప్రతి ఫైలునూ విప్పి, లోపలికి తెచ్చుకుని, మళ్లీ బయటికి తీస్తుంది కాబట్టి ఉత్త మార్పిడికి నిదానం. ధ్వని స్థాయి పెంచాలి, మొదట చివర ఫేడ్ పెట్టాలి అనుకుంటే మాత్రం ఆ నిదానం గిట్టుబాటే. రొద తగ్గించే పనిని మ్యాక్రోలో పెట్టకండి. ఒక క్యాసెట్ హిస్ నమూనాను పట్టుకుని వంద క్యాసెట్లకు రుద్దితే గొంతులు నీళ్లలోంచి వస్తున్నట్టు తయారవుతాయి.

డబ్బు పెట్టగలిగితే డీబీపవర్‌ఆంప్ మంచి సరుకు, విండోస్‌కూ మ్యాక్‌కూ దొరుకుతుంది. ఫోల్డర్ల చెట్టు మొత్తం చూపించి, వేవ్‌లు మాత్రమే తీసుకో, ఫోల్డర్ల అమరిక అలాగే ఉంచు అంటే వింటుంది. కొనేముందు కొన్నాళ్లు ఉచితంగా వాడి చూడవచ్చు. వేలకొద్దీ ఫైళ్లు, లోపలికి లోపలికి ఫోల్డర్లు ఉన్న సంస్థలకు, స్టూడియోలకు సిఫారసు చేస్తాను. ఇంటి అవసరానికి అంత ఖర్చు అక్కరలేదు.

వీఎల్‌సీలో మార్చే సౌకర్యం ఉంది, ఒకటి రెండు ఫైళ్లకు పరవాలేదు. ఆన్‌లైన్‌లో మార్చే సైట్లు ఈ పనికి పనికిరావు. గంట వేవ్ ఒక్కటే 635 ఎంబీ, అలాంటివి వంద ఎక్కించి మళ్లీ దించుకోవడం ఒక ఎత్తయితే, ఇంట్లోవాళ్ల సొంత మాటలను ఎవరి సర్వర్‌కో పంపడం ఇంకో ఎత్తు. ఉచితం అని ఊరించి, తీరా మార్చాక ప్రతి ఫైలులో మొదటి భాగం మాత్రమే ఇచ్చే ట్రయల్ సాఫ్ట్‌వేర్లు కూడా ఉన్నాయి. ఫైలు తెరుచుకుంటుంది, పాట మొదలవుతుంది, అంతా బాగుందనిపిస్తుంది, సగంలో ఆగుతుంది. దేన్నయినా తయారీదారు సొంత సైటు నుంచే దించుకోండి.

నడిపే రోజు

పది ఫైళ్లు ఏరండి. అన్ని రకాలవీ ఉండాలి: తెలుగు పేరున్నది, బాగా పొడవైనది, ఏఎంఆర్ ఒకటి, కామా లేదా బ్రాకెట్ ఉన్న పేరు ఒకటి. వాటిని మార్చి, చివరికి ఎక్కడ వినబోతున్నారో ఆ కారులోనో ఫోనులోనో వినండి. కారు కోసమైతే పెన్‌డ్రైవ్ ఫ్యాట్32లో ఉండాలని చాలా స్టీరియోలు కోరుకుంటాయి. అందులో 4 జీబీ మించిన ఒక్క ఫైలు పట్టదు. కొన్ని స్టీరియోలు పేరు వరుసను కాక కాపీ చేసిన వరుసను పాటిస్తాయి, ఫైళ్లను క్రమంలో కాపీ చేస్తే ఆ బాధ తప్పుతుంది.

అప్పుడు మిగతావన్నీ పంపండి. కొత్త ఫైళ్లు వేరే ఫోల్డరులోకి వెళ్లాలి. మార్చాక మూలం ఫైళ్లను తొలగించాలా అని అడిగే గడి ఎక్కడ కనిపించినా టిక్ తీసేయండి. పని అయ్యాక ప్రతి ఫైలూ వినడం ఎవరివల్లా కాదు. ఫూబార్‌లో పాత ఫైళ్లన్నీ ఎంచుకుని మొత్తం నిడివి చూడండి, కొత్తవన్నీ ఎంచుకుని మళ్లీ చూడండి. రెండూ కొద్ది సెకన్ల తేడాలో ఉంటే సరిపోయినట్టే. నిమిషాల తేడా ఉంటే ఎక్కడో ఒక ఫైలు తెగింది, నిడివి ప్రకారం పేర్చి పట్టుకోండి.

డెస్క్‌టాప్ మీద నడుపుతూ ఉండగా కరెంటు పోతే ఒక్కటి గుర్తుంచుకోండి. ఆ క్షణాన రాస్తున్న ఫైలు సగంలో ఆగి, పేరుతో సహా ఫోల్డరులో కూర్చుంటుంది. తిరిగి మొదలుపెట్టేటప్పుడు ఉన్నవాటిని వదిలేసి మిగతావి చెయ్యి అని చెబితే, సాఫ్ట్‌వేర్ ఆ సగం ఫైలునూ పూర్తయినదిగానే లెక్కేసి దాటిపోతుంది. తేదీ ప్రకారం పేర్చి, చివరగా రాసినవాటిని, ఒకేసారి నాలుగు కోర్లు పనిచేస్తుంటే చివరి నాలుగింటినీ, చెరిపేసి అప్పుడు మళ్లీ నడపండి.